చెవి మిషన్లను పరీక్షించే పెట్టె: ఒక ఉద్యోగి జ్ఞాపకాలు, కొంత చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మొదట సందేహించాను. ఉపాధ్యాయులు, రెవెన్యూ వారు, ఆర్టీసీ వారు తమ సర్వీసు అనుభవాలు చెబితే అందరికీ ఇట్టే అర్థమవుతాయి. నాది ఊళ్ళో ఎవరికీ పెద్దగా తెలియని ఉద్యోగం. "నువ్వు ఏం పని చేసేవాడివి?" అని అడిగితే "చెవి మిషన్లు పరీక్ష చేసేవాణ్ణి" అని చెప్పి ఊరుకునేవాణ్ణి.

అయితే పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి మనమంతా చేరినప్పుడు ఒక సంగతి జరిగింది. ఒక మిత్రుడు, తన కొడుకు వేలు పోసి కొనిచ్చిన చెవి మిషను బీరువాలో పడి ఉందన్నారు. ఇంకొకరు తనదీ అంతేనన్నారు. మూడో ఆయన "అది మంచిదో కాదో తేల్చి చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉంటారా అప్పా?" అని అడిగారు. ఉంటారు. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని అదే. అందుకే ఈ నాలుగు మాటలు.

శేరుకు ముద్ర వేసినట్లు

మన చిన్నతనంలో శనక్కాయలు అమ్మేటప్పుడు పెద్దలు ముందుగా చూసేది కాయను కాదు, వ్యాపారి శేరును. దానిమీద తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉందా, అడుగు లోపలికి నొక్కుకుపోయి ఉందా అని చూసేవారు. శేరు తప్పయితే ఎన్ని బస్తాలు కొలిచినా తప్పే గదా. వినికిడి యంత్రాల సంగతీ ఇంతే. యంత్రం ఎంత శబ్దం తీసుకుని ఎంతకు పెంచి చెవిలోకి పంపుతున్నదో కొలవాలంటే ఒక కొలత కావాలి. ఆ కొలత సరైనదని చెప్పడానికి ఇంకొక కొలత కావాలి.

చెవి లోపల కొలవడం ఆ రోజుల్లో సాధ్యమయ్యే పని కాదు. పైగా ఒకరి చెవిలాగా ఇంకొకరి చెవి ఉండదు. అందుచేత చెవికి బదులుగా ఒక లోహపు గుల్ల తయారుచేశారు. దాని లోపలి ఖాళీ సరిగ్గా 2 ఘనపు సెంటీమీటర్లు. ఒక వైపు వినికిడి యంత్రపు రిసీవరు బిగిస్తారు, మరొక వైపు కొలిచే మైక్రోఫోను ఉంటుంది. దీనిని కప్లర్ అంటారు. అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలకు చెందిన ఎఫ్.ఎఫ్. రొమనో 1942లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఈ గుల్ల అసలు చెవి కాదని, చిన్నపిల్లల చెవిలో ఖాళీ తక్కువ కనుక అదే యంత్రం వాళ్ళ చెవిలో ఇంకా గట్టిగా మ్రోగుతుందని అందరికీ తెలుసు. అయినా ఏ దేశంలో కొలిచినా ఒకే అంకె రావాలంటే అందరికీ ఒకే గుల్ల ఉండాలి. అందుకే ఇన్నేళ్ళయినా అది వాడుకలో ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో ప్రభుత్వమే ఒక వినికిడి యంత్రాన్ని రూపొందింపజేసింది. దాని పేరు మెడ్రెస్కో. 1948లో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటినుండి దానిని ప్రజలకు ఉచితంగా ఇచ్చారు. ప్రభుత్వం వేల సంఖ్యలో కొని పంచేటప్పుడు ప్రతి యంత్రమూ ఒక ప్రమాణానికి నిలవాలి గదా. పరీక్షల అవసరం అక్కడే బలంగా కనిపించింది. 1952 చివర అమెరికాలో ట్రాన్సిస్టరు వాడిన యంత్రం వచ్చాక అవి చిన్నవయ్యాయి, చౌకయ్యాయి, తయారుచేసేవారు పెరిగారు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ సంఘం వారు 1959లో కొలిచే పద్ధతులపై ప్రమాణం ప్రకటించారు. 

మన దేశంలో 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో మరొక జాతీయ సంస్థ వచ్చింది. దానికి మన హైదరాబాదువాడూ, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసినవారూ అయిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ఆ ఏడే వికలాంగులకు పరికరాలు సమకూర్చే కేంద్ర పథకం మొదలయింది. అప్పటినుండి ప్రభుత్వ డబ్బుతో జేబు మిషన్లు పల్లెలకు రాసాగాయి. జేబులో చిన్న డబ్బా, దానినుండి తీగ, చెవిలో బొత్తాం. మనలో చాలామంది చూసే ఉంటారు.

పెట్టె వచ్చిన రోజులు

నేను అనంతపురం పాలిటెక్నిక్‌లో చదివి 1979లో ఒక ప్రభుత్వ సంస్థ ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా చేరాను. బెళుగుప్పనుండి కళ్యాణదుర్గం మీదుగా ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఎత్తైన ఊరు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. ఈ ఎత్తు సంగతి ఎందుకు చెబుతున్నానో తరువాత మీకే తెలుస్తుంది.

1982లో మా ప్రయోగశాలకు డెన్మార్క్‌లోని బ్రూయెల్ అండ్ కేర్ కంపెనీ పరికరాలు వచ్చాయి. చెక్కపెట్టెలు విప్పడానికే ఒక రోజు పట్టింది. పరీక్ష చేసే పెట్టె లోపల అంతా మెత్తని స్పాంజి, శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా. కింద లౌడ్‌స్పీకరు. మధ్యలో వినికిడి యంత్రం పెట్టే చోటు. యంత్రం పక్కనే ఒక మైక్రోఫోను కాపలా ఉండి, ఏ స్వరంలోనైనా అక్కడికి చేరే శబ్దం ఒకే స్థాయిలో ఉండేట్లు చూస్తుంది. స్వరం 200 హెర్ట్జ్ నుండి 5,000 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరుగుతూ పోతుంటే, కప్లర్ లోపలి రెండవ మైక్రోఫోను యంత్రం ఇచ్చే శబ్దాన్ని కొలుస్తుంది. గళ్ళ కాగితం మీద ఒక ములుకు కొండగీత గీసినట్లు గీస్తుంది. ఆ గీతే ఆ యంత్రం జాతకం.

మొదట పెట్టెను ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద సమస్య. మేడమీద గదిలో పెడితే కింద జనరేటరు అదురు గీతలో కనిపించింది. చివరకు వెనకవైపు గదిలో, నేలమీద కట్టిన సిమెంటు దిమ్మెపై, రబ్బరు పలకలు వేసి నిలిపాము. గోడ గడియారం తీసివేశాము. ఫ్యాను వేసుకోకూడదు. ఎండాకాలంలో చెమటలు కారుతూ పనిచేసేవాళ్ళం. కొలిచే మైక్రోఫోనుకు 200 వోల్టుల విద్యుత్తు ఇవ్వాలి. వానాకాలంలో తేమ చేరితే అది చిటచిట లాడేది. రాత్రిపూట దానిని సిలికా జెల్ ఉన్న గాజుపాత్రలో ఉంచి ఇంటికి వెళ్ళేవాళ్ళం.

ఇక సరిచూసే పని. దీనికి పిస్టన్‌ఫోన్ అనే చేతిలో పట్టే సాధనం ఉంది. లోపల రెండు చిన్న పిస్టన్లు ఆడుతూ 250 హెర్ట్జ్ స్వరంలో 124 డెసిబెళ్ళ శబ్దం పుట్టిస్తాయి. కప్లర్ తీసివేసి మైక్రోఫోనుకు దీనిని తొడిగి, మీటరు 124 చూపేట్లు తిప్పాలి. కానీ ఆ 124 సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడికి చెప్పిన లెక్క. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి శబ్దం తగ్గుతుంది. మా ఊళ్ళో అది 123.1కి దగ్గర. ఆ సాధనంతో పాటు ఒక చిన్న బారోమీటరు కూడా ఇచ్చారు, అది చూసి ఎంత తగ్గించాలో లెక్కకట్టాలి. బెళుగుప్ప ఎత్తులో అయితే సుమారు అర డెసిబెల్ తగ్గించాలి. మొదటి వారం నేను ఈ లెక్క మరచి, యంత్రాలన్నీ ఒక డెసిబెల్ ఎక్కువ శక్తి గలవిగా వ్రాశాను. మా పై అధికారి నవ్వి, "గాలికి కూడా లెక్క ఉందయ్యా" అన్నారు.

మరి ఆ పిస్టన్‌ఫోన్ సరైనదేనా? దానిని నిర్ణీత కాలానికి ఒకసారి ప్రమాణ కేంద్రానికి పంపి సర్టిఫికెట్ తెప్పించుకునేవాళ్ళం. దేశానికంతటికీ ధ్వని ప్రమాణాలను నిలిపేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. మన శేరుకు వేసే ముద్ర చివరికి అక్కడినుండి రావలసిందే.

ప్రతి యంత్రానికీ కొన్ని పరీక్షలు ఉండేవి. 90 డెసిబెళ్ళ శబ్దం ఇచ్చి యంత్రం గరిష్ఠంగా ఎంత మ్రోగుతుందో చూడడం మొదటిది. ఇది మితిమీరితే ఉన్న కొద్దిపాటి వినికిడి కూడా దెబ్బతింటుంది. 60 డెసిబెళ్ళు, అంటే దాదాపు మామూలు మాటల స్థాయి ఇచ్చి, ఎంతకు పెంచుతుందో చూడడం రెండవది. ఆ తరువాత మాట గరగరలాడుతున్నదా, లోపల హోరు ఉన్నదా, బ్యాటరీని ఎంత త్రాగుతున్నది అన్నవి.

నేను చేసిన పొరపాటు

ఇది చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాయడం దండగ.

1986 ఎండాకాలంలో శిబిరాలలో పంచవలసిన జేబు మిషన్ల కట్ట ఒకటి పరీక్షకు వచ్చింది. వాటిలో నమూనాకు తీసినవన్నీ తక్కువ స్వరాలలో బలహీనంగా కనిపించాయి. గీత ఎడమవైపు జారిపోయింది. నేను ఉదయాన్నే పిస్టన్‌ఫోన్‌తో సరిచూశాను, బారోమీటరు చూశాను, అంకె సరిగ్గా ఉంది. కాబట్టి తప్పు మిషన్లదే అనుకున్నాను. "ప్రమాణానికి తగవు" అని వ్రాసి సంతకం చేశాను. కట్ట వెనక్కి వెళ్ళిపోయింది.

మా దగ్గర గీత తెలిసిన ఒక పాత మిషను ఉండేది. ప్రతిరోజూ పని మొదలుపెట్టేముందు దానిని పరీక్షించి, పాత గీతతో పోల్చాలన్నది నియమం. పని ఒత్తిడిలో తొమ్మిది రోజులు ఆ నియమం పాటించలేదు. పదో రోజు పెట్టి చూస్తే దాని గీత కూడా ఎడమవైపు జారి ఉంది! గుండె ఝల్లుమంది. కప్లర్ విప్పి చూశాను. రిసీవరు కూర్చునే చోట ఉండే రబ్బరు వలయం ఎండకు గట్టిపడి వెంట్రుకవాసి చీలింది. ఆ సందులోనుండి గాలి పోతున్నది. గాలి పోయే సందు ఉంటే ముందు పోయేవి తక్కువ స్వరాలే. చుట్టూ మెత్తని లప్పం అద్ది మళ్ళీ చూస్తే గీత పాత చోటికి వచ్చింది.

పిస్టన్‌ఫోన్ ఎందుకు పట్టుకోలేదు? దానిని తొడిగేటప్పుడు కప్లర్ తీసేస్తాం గదా. నేను సరిచూసింది మైక్రోఫోనును. దాని ముందున్న గుల్లను ఎవరూ సరిచూడలేదు. ముద్ర ఉన్న శేరే, కానీ అడుగున చిల్లి.

ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్లు కాగితంమీద వ్రాసి అధికారికి ఇచ్చాను. ఆయన చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "వ్రాసి ఇచ్చావు గనుక సరిదిద్దగలం" అన్నారు. ఉత్తరాలు నడిచాయి, కట్ట తిరిగి వచ్చింది, మళ్ళీ పరీక్షలో నెగ్గింది. కానీ ఈలోగా నాలుగు నెలలు గడిచాయి. ఆ మిషన్లకోసం ఎదురుచూస్తున్న శిబిరాలలో మన తాలూకా వైపుది కూడా ఒకటి. పెద్దవాళ్ళకు నాలుగు నెలలంటే ఓర్చుకోవచ్చు. మాట నేర్చే వయసులో ఉన్న పిల్లకు నాలుగు నెలలంటే మళ్ళీ రాని కాలం. ఆ జాబితాలో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల వయసులు చదివినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఈనాటికీ పోలేదు. సర్వీసులో నాకు మెమో ఏదీ రాలేదు. ఆ జాబితాయే నాకు మెమో.

ఆనాటినుండి రిటైరయ్యే దాకా పాత మిషను గీత చూడకుండా నేను పని మొదలుపెట్టిన రోజు లేదు.

మా నాయన మిషను

వాయిదాపడిన ఆ శిబిరంలోనే మా నాయనకు కూడా ఒక మిషను వచ్చింది. ఆయన కొన్నేళ్ళు శనక్కాయలు వలిచే మిషను దగ్గర పనిచేశారు. ఆ చప్పుడుకు చెవులు మందగించాయి. పండుగకు ఇంటికి వస్తే మిషను ట్రంకుపెట్టెలో ఉంది. అడిగితే, అది ఊరికే కూత పెడుతుందన్నారు. నాతో తీసుకెళ్ళి పరీక్ష పెట్టెలో పెట్టాను. గీత చక్కగా వచ్చింది. తిరిగి తెచ్చి, "నాయనా, మిషను బాగుంది" అన్నాను. ఆయన చెవిలో పెట్టుకోగానే కీచుమంది.

"నీ పెట్టెలో బాగ పలుకుతాది, నా చెవిలో మాత్రం కూత పెడతాది. తప్పు నా చెవిదేనా అయితే?" అన్నారు.

అప్పుడు తట్టింది. ప్రయోగశాలలో రబ్బరు చీలినట్లే ఇక్కడా సందు ఉంది. శిబిరంలో అందరికీ ఒకే రకం రెడీమేడ్ బొత్తాం ఇచ్చారు. అది ఆయన చెవికి వదులు. చెవిలోనుండి బయటికి పోయిన శబ్దం తిరిగి జేబులోని మైక్రోఫోనుకు చేరి కూత పెడుతున్నది. పైగా ఆయన మిషనును చొక్కా కింద బనియను జేబులో పెట్టుకునేవారు. బట్ట రాపిడి కూడా మాటతో పాటు చెవిలోకి వెళ్ళేది. చెవి అచ్చు తీయించి, దానికి సరిపోయే మోల్డ్ చేయించి తెచ్చాను. కూత ఆగింది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని పక్కింటి వారి రేడియోలో వ్యవసాయ కార్యక్రమం పూర్తిగా విన్నారు. తరువాత ఆయన ఉన్న ఆరేళ్ళూ మిషను ట్రంకుపెట్టెకు ఎక్కలేదు.

బెళుగుప్ప బడి గదిలో

ఈ అనుభవం చెప్పి, పంచిన మిషన్లను ఊళ్ళలోనే తిరిగి పరీక్షించాలని అధికారులను అడిగాను. 1991లో చేతితో మోయగల పరీక్ష పెట్టె వచ్చాక అది వీలయింది. మొదటి ఊళ్ళలో బెళుగుప్ప ఒకటి. బడిలో చివరి గది ఇచ్చారు. బల్లమీద రెండు బొంతలు మడిచి వేసి, వాటిపై పెట్టె నిలిపాము. కరెంటు వోల్టేజి ఎక్కి దిగుతుంటే స్టెబిలైజరు పెట్టాము. కిటికీలకు గోనెపట్టాలు కట్టినా గాలి హోరు ఆగలేదు. మన మెట్ట గాలి సంగతి మీకు తెలియనిదా! గాలి నెమ్మదించే తెల్లవారుజామునే పని మొదలుపెట్టాము. 1,000 హెర్ట్జ్ వద్ద 94 డెసిబెళ్ళు ఇచ్చే చిన్న క్యాలిబ్రేటరుతో సరిచూసి, ముందుగా పాత మిషను గీత తీసి, ఆ తరువాతే తలుపు తెరిచాము.

వచ్చిన మిషన్లలో లోపల చెడిపోయినవి కొన్నే. ఎక్కువ భాగం తీగ తెగినవి, బ్యాటరీ కారి లోపలి రేకు పచ్చబడినవి, బొత్తాంలో గుమిలి నిండినవి, దుమ్ముతో మైక్రోఫోను రంధ్రం మూసుకుపోయినవి. సాయంత్రానికి చాలావాటికి మళ్ళీ మాట వచ్చింది. ఒక తల్లి తన కూతురు మిషను చూపించి, "పిల్లే పెట్టుకోవడం లేదు సారూ" అన్నది. తీగ తెగి ఉంది. ఎన్నాళ్ళనుండో ఆ పిల్ల పలకని మిషనును జేబులో మోస్తున్నది. తీగ మార్చి, వెనకనుండి పిలిస్తే తిరిగి చూసింది. ఆ రోజు నాకు 1986 నాటి బరువు కొంత తగ్గినట్లనిపించింది.

ఇప్పటి సంగతి

1996లో పూర్తి డిజిటల్ యంత్రాలు బజారులోకి వచ్చాయి. అవి మాటకూ హోరుకూ తేడా పసిగట్టి తమంతట తామే సర్దుకుంటాయి. అందుచేత ఒకే స్వరంతో చేసే పాత పరీక్ష వాటికి చాలదు. ఆరు భాషల స్త్రీల గొంతులు చిన్నచిన్న ముక్కలుగా కలిపి, మాటలాగే ఉన్నా ఏ భాషా కాని ఒక శబ్దాన్ని తయారుచేసి ఇప్పుడు వాడుతున్నారు. సన్నని గొట్టం చెవిలో పెట్టి, మన చెవిలోనే ఎంత మ్రోగుతున్నదో కొలిచే పద్ధతి కూడా వచ్చింది. పాత 2 ఘనపు సెంటీమీటర్ల గుల్ల మాత్రం ఇప్పటికీ పరీక్షశాలల్లో ఉంది.

నాకూ వినికిడి తగ్గింది. రెండేళ్ళుగా నేనూ మిషను పెట్టుకుంటున్నాను. మీకు చెప్పగలిగినవి ఇవి:

మిషను పలకకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడండి. ఆ తరువాత గుమిలి అడ్డుపడిందేమో చూడండి.

కూత పెడితే చెవిలో సందు ఉందని అర్థం. సౌండు తగ్గించుకుని సరిపెట్టుకోకండి. మోల్డ్ లేదా చివరి రబ్బరు మార్పించండి.

కొన్నచోట మీ మిషనును పరీక్ష పెట్టెలో పెట్టి గీత తీసి ఇమ్మని అడగండి. కొన్న రోజు గీత దాచుకుంటే ఏడాది తరువాత పోల్చి చూసుకోవచ్చు. పెట్టెను చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా అడగండి. అడగడంలో తప్పు లేదు.

అంతా బాగుందని చెప్పినా మీకు వినపడకపోతే, మీకు వినపడడం లేదన్నదే నిజం. మళ్ళీ వెళ్ళండి. మా నాయన అడిగిన ప్రశ్న వల్లనే నేను నా పనిని పూర్తిగా నేర్చుకున్నాను.

బీరువాలో మిషన్లు దాచిన మిత్రులు వచ్చే నెల సమావేశానికి వాటిని తప్పక వెంట తీసుకురాగలరు. నా దగ్గర ఇప్పుడు పరీక్ష పెట్టె లేదు. అయినా బ్యాటరీ, గుమిలి, సందు చూడడానికి ఈ కళ్ళూ చేతులూ చాలు. అంతకు మించినవాటికి ఎక్కడికి వెళ్ళాలో చెబుతాను.

సెలవు.